పండగ పూట పారేయని చెత్త

వేడెక్కిన ప్లాస్టిక్ మీద తడి కుంకుమ పెడితే ఒక వాసన వస్తుంది. మిగతావాళ్లకు అది పండగ వాసన. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మొన్న ఆయుధపూజ నాడు మా ఆఫీసులో ల్యాప్‌టాప్‌లన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి, బంతిపూల రెక్కలు చల్లి అందరూ ఫొటోలు దిగుతుంటే నేనూ నవ్వుతూ నిలబడ్డాను గానీ, ఆ వాసన ముక్కుకు తగలగానే పటమటలో మా వీధి గదీ, అందులో ఆ తెల్లటి పెద్ద కంప్యూటరూ, దాని పక్కన చెంప పట్టుకుని నిలబడ్డ పదకొండేళ్ల పిల్లా కళ్లముందుకొచ్చారు. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని నాకు లేదు కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. పెదనాన్న వాళ్లూ మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వీధి గదిలోని కంప్యూటరు పెదనాన్న కొన్నది, దాని మీద పని మాత్రం మా అమ్మది. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఏవొస్తే అవి తెలుగులో కంపోజ్ చేసి ఇచ్చేది. ఆ ఏడు వానాకాలమంతా ఒక రిటైరైన తెలుగు మాస్టారి పుస్తకం కొట్టింది. నాటక పద్యాలకు అర్థాలూ తాత్పర్యాలూ వివరించే లావుపాటి పుస్తకం అది. మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. బయట సన్నగా వాన పడుతుంటే, కీబోర్డు నుంచి కూడా ఇంగువ వాసన వస్తుంటే, నేను నేల మీద బోర్లా పడుకుని ఆ టకటకలు వినేదాన్ని. కరెంటు పోయి యూపీఎస్ కీచుమని అరవగానే అమ్మ గబగబా సేవ్ చేసి, హమ్మయ్య అని వెనక్కి వాలేది. పుస్తకం లోపలి పేజీలో అక్షరకూర్పు కింద తన పేరు వేయిస్తానని మాస్టారు మాటిచ్చారు. పెళ్లి శుభలేఖ తర్వాత అమ్మ పేరు అచ్చులో పడబోవడం అదే మొదటిసారి. ఫ్లాపీల్లో దాచినవి తేమకు బూజు పట్టి తెరుచుకునేవి కావు కాబట్టి, పుస్తకం మొత్తం ఆ పెట్టె కడుపులోనే ఉండేది.

దసరా వచ్చిందంటే మా పెదనాన్నకు శుభ్రం పిచ్చి పట్టేది. ఊరంతా అమ్మవారి కొండకు నడిచే ఎర్రబట్టల భవానీ దీక్షవాళ్లతో నిండిపోయి, ఇంట్లో రోజుకో నైవేద్యం వండుతూ, ఓ రోజు పులిహోర, ఓ రోజు అల్లం దట్టించిన గారెలు, ఓ రోజు నెయ్యి తేలే చక్కెర పొంగలి వాసన వీధి మలుపు దాకా వస్తుంటే, ఆయన మాత్రం బనియనూ లుంగీతో నిచ్చెనెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తుండేవాడు. స్కూటరు కడగాలి, కుట్టు మిషనుకు నూనె పెట్టాలి, కత్తిపీట చింతపండుతో తోమాలి. లోపలా బయటా శుభ్రంగా ఉంటేనే అమ్మవారు నిలుస్తుందని ఆయన నమ్మకం. ఆఫీసులో కొద్ది రోజులు కంప్యూటరు నేర్పించారు ఆయనకు. ఆ ధీమాతో మౌసును కూడా పెత్తనం చేస్తున్నట్టే పట్టుకునేవాడు.

నవమి పొద్దున అమ్మా నేనూ బూడిద గుమ్మడికాయ కోసం రైతు బజారుకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి కంప్యూటరు అద్దంలా మెరుస్తోంది. మూడు బొట్లు, బంతిదండ, ముందు నిమ్మకాయ. పూజలో పెట్టిన పనిముట్టును దశమి పొద్దున దాకా ముట్టకూడదు మా ఇంట్లో. ఎవరూ ముట్టలేదు.

దశమి నాడు తలంటి పోసుకుని, కొత్త వాయిల్ చీర కట్టుకుని, అమ్మ దండం పెట్టి స్విచ్ నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు ముక్కలు వచ్చి ఆగిపోయాయి. ఏదో ఫైలు లేదంటోంది. మళ్లీ నొక్కింది, మళ్లీ అదే. అమ్మ వెనక తీగలన్నీ ఊపి చూసి ఇంకోసారి నొక్కింది.

"అష్టమి సాయంత్రం దీని ముందు కూర్చుంది ఎవరమ్మాయ్?" అన్నాడు పెదనాన్న, పడక్కుర్చీలోంచి కదలకుండా.

కూర్చున్నది నేనే. పేకముక్కల ఆట ఆడాను. ఆడి, అమ్మ నేర్పినట్టే పద్ధతిగా ఆపాను. అదే చెప్పబోయాను. నోట్లో మాట ఉండగానే అమ్మ చెయ్యి నా చెంప మీద పడింది. పండగ పూట, కొత్త పరికిణీలో, అందరి ముందూ. నాన్న పేపరు మడిచి మళ్లీ విప్పాడు. "దాని వేళ్లు ఊరుకోవు, ముందే చెప్పా. ఇహ దీన్ని ఈ గదిలోకి రానివ్వమాక" అని తీర్పు చెప్పేశాడు పెదనాన్న.

కంప్యూటర్లు బాగుచేసే వాసు అనే ఆయన టిఫిన్ వేళకు వచ్చాడు. ఆయనకూ పండగే, తొందరగా ఇంటికెళ్లాలి.

"సిస్టం ఫైల్సు ఎగిరిపోయినయ్యండీ. ఫార్మాట్ కొట్టేద్దాం, గంటలో అయిపోద్ది."

"కొట్టెయ్ కొట్టెయ్" అన్నాడు పెదనాన్న.

"వొద్దండీ," అంది అమ్మ. బావగారి ముందు కుర్చీలో ఎన్నడూ కూర్చోని మనిషి, ఆ రోజు కంప్యూటరు ముందున్న కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ఆ పెట్టెను పట్టుకుంది. "అందులో మాస్టారి పుస్తకం ఉంది. ఫార్మాట్ కొడితే పోతది. ఇంకో దారేదైనా చూడండి."

ఇంకో దారి ఉంది, కాకపోతే పని ఎక్కువ. వాసు విసుక్కుంటూనే ఫ్లాపీ పెట్టి ఆ డబ్బాను లేపాడు. పాతది చెరపకుండా దాని మీదే విండోస్ మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. నీలం తెర మీద ఓ గీత చీమలా పాకుతుంటే అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అందరూ అంటే నేను తప్ప. నేను గుమ్మం బయట. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. గారెల పిండి పులిసిపోతోందని పెద్దమ్మ లోపల్నుంచి అరిచింది. భోజనాల వేళ దాటాక ఎట్టకేలకు కంప్యూటరు లేచింది.

అమ్మ పుస్తకం తెరిచింది. పద్యాలు లేవు. ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, చుక్కలు, అర్థం లేని గుర్తులు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గుమ్మం దగ్గర నేను కూడా ఏడ్చాను. నేనేమీ చేయలేదని నాకు తెలుసు, అయినా అమ్మ ఏడుస్తుంటే నేనే ఏదో చేశానేమో అనిపించింది. ఆ అనుమానం నాలో పెట్టినందుకే ఆ ఇంటిని క్షమించలేను.

"పుస్తకం ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాడు వాసు. "తెలుగు ఫాంట్లు కూడా తీసేశారెవరో, అందుకే అట్టా కనపడతంది. రీసైకిల్ బిన్నులో ఉంటయ్, దాన్ని ఖాళీ చెయ్యకపోతే."

"పండగ పూట చెత్త ఎవడు పారబోస్తాడయ్యా?" అన్నాడు పెదనాన్న గయ్యిమంటూ. "ఏకాదశి నాడు పారేద్దామని ఉంచా."

నాన్న పేపరు మీంచి తలెత్తి పెదనాన్న వైపు చూశాడు.

వాసు బిన్ను తెరిచాడు. పేరు తెలియని ఫైళ్లన్నీ, ఊడ్చి మూలకు పోసిన బూజులాగా, అక్కడే ఉన్నాయి. నవమి పొద్దున తీసేసినట్టు ప్రతిదాని పక్కనా ఉంది. మేం గుమ్మడికాయ బేరమాడుతున్నప్పుడు. ఫాంట్లను ఒక్కొక్కటే వెనక్కి వేశాడు, పుస్తకం మళ్లీ తెరిచాడు. పద్యాలు వచ్చేశాయి. సున్నలూ, ఒత్తులూ, గుడి దీర్ఘాలూ, అన్నీ వచ్చాయి.

అమ్మ నా వైపు చూసింది. నేను గదిలోకి అడుగు వేశాను. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు పిలుస్తుంది అనుకున్నాను. అమ్మ కళ్లు తుడుచుకుని, "కాఫీ పెడతానుండండి బావగారూ" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న వాసును సాగనంపడానికి లేచాడు. పెదనాన్న పడక్కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. ఆ గదిలో చెవుడున్నవాళ్లెవరూ లేరు, అందరికీ వినపడింది, అందరికీ అర్థమైంది, ఒక్కరూ నోరు విప్పలేదు.

భోజనాల దగ్గర నా విస్తట్లో మాత్రం రెండు గారెలు ఎక్కువ పడ్డాయి. అదే క్షమాపణ అన్నమాట. నేను ముట్టలేదు. పొగరెక్కువైందని దానికీ తిట్లు తిన్నాను. కంప్యూటరు ముట్టకూడదన్న శిక్ష అలాగే ఉండిపోయింది, ఎందుకంటే దాన్ని ఎత్తేస్తే ఎవరో ఒకరు ఎందుకో చెప్పాలి. సంక్రాంతి దాటాక పుస్తకం అచ్చయి వచ్చింది. లోపలి పేజీలో అక్షరకూర్పు కింద పెదనాన్న పేరు ఉంది. మెషీన్ ఆయనది కదా అన్నారు. అమ్మ ఆ పేజీ చూసి, పుస్తకం మూసి, గూట్లో పెట్టింది. అప్పుడూ కాఫీయే పెట్టింది.

ఇప్పుడు ఆ వీధి గది మందుల షాపు. శుభలేఖలు ఫోన్లలోనే తయారై ఫోన్లలోనే చచ్చిపోతున్నాయి. ఆ ఫాంట్లు ఇప్పుడు ఏ కంప్యూటరూ గుర్తుపట్టదు, ఫ్లాపీ అంటే మా అమ్మాయికి తెలియదు, పెదనాన్న పోయి చాలా కాలమైంది. పోనిది ఒక్కటే. మొన్న ఆఫీసు నుంచి అటే అమ్మ దగ్గరికి వెళితే, సెలవులకని అక్కడే ఉన్న మా అమ్మాయి పక్కన పెదనాన్న కొడుకు చిన్నన్నయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే దానితో, "మీ అమ్మ చిన్నప్పుడు దసరాకి కంప్యూటరంతా తుడిచిపెట్టేసింది తెలుసా? దీన్ని మేం డిలీట్ బుజ్జి అనేవాళ్లం" అని పగలబడి నవ్వాడు. మా అమ్మాయి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది.

అన్నయ్య వెళ్లేదాకా ఆగి వంటింట్లోకి వెళ్లాను. "నువ్వైనా చెప్పొచ్చుగా అమ్మా?"

అమ్మ స్టవ్ మీద పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. "ఇప్పుడెందుకే బుజ్జీ. పోయినాయన గురించి ఏం చెప్తాం."

"అప్పుడు బతికే ఉన్నాడుగా."

"అప్పుడు పెద్దాయన" అంది అమ్మ, కాఫీపొడి డబ్బా అందుకుంటూ.