సైలెన్సర్ అక్క

పోయిన వారం పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి నిలబడి ఉండగా ఫోన్ మోగింది. తుక్కుగూడ రోడ్డు మీద టీ కొట్టు నడిపే ఆమె. "అక్క పోయింది చెల్లె. దవాఖానలనే, తెల్లారంగ" అంది. ఏ అక్క అని నేను అడగలేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

తుక్కుగూడ నుంచి శంషాబాద్ వచ్చే దారిలో, విమానాలు నెత్తిని తాకుతున్నాయా అన్నంత కిందికి దిగే చోట, ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఆమె చాలా ఏళ్లు కార్లకు, ఆటోలకు, ట్రాక్టర్లకు సైలెన్సర్లు బాగుచేసింది. అందరికీ సైలెన్సర్ అక్క. నాకు ఆమెతో చుట్టరికం లేదు. కానీ మా అమ్మ ఇవాళ నా పక్క గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోందంటే అది ఆమె వల్లే. ఈ సంగతి చాలామందికి చెప్పాను గానీ, ఎప్పుడూ సగమే చెప్పాను. తక్కిన సగం చెబితే నన్ను అదోలా చూస్తారని భయం. ఆమె పోయాక ఆ భయం అనవసరం అనిపిస్తోంది.

నాలుగేళ్ల కిందటి వానాకాలం అది. నేను ఎయిర్‌పోర్టు కార్గోలో గుమాస్తా పని చేస్తాను. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. కందుకూరు పక్కన అమ్మకు ఎకరం చేను ఉంది. ఆదివారం వస్తే చేను చూడకుండా ఉండలేదు. మోకాళ్ల నొప్పి కాబట్టి నా పాత కారులో వెనక సీటు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది.

ఒక ఆదివారం తిరిగి వస్తుంటే రావిర్యాల మలుపు దగ్గర ముందున్న లారీ ఒక్కసారిగా పక్కకు తప్పుకుంది. దాని వెనక నడిరోడ్డు మీద పెద్ద రాయి. ఏదో బండి చెడిపోతే టైరు కింద ఆనించి, బాగయ్యాక అక్కడే వదిలేసి పోయారు. నేను తప్పించలేకపోయాను. కారు కడుపు కింద ఎవరో చీల్చినట్టు చప్పుడైంది. దిగి వంగి చూస్తే పొగ గొట్టం ఒక పక్క జారి వేలాడుతోంది. దారిలో దొరికిన తీగతో పైకి లాగి కట్టాను. కారు ఆటోలా మోత పెడుతోంది గానీ నడుస్తోంది. తీరిక దొరికినప్పుడు చూపించుకుందాం అనుకున్నాను.

మరుసటి ఆదివారం, చేను నుంచి వస్తూ, అమ్మ మామూలుగా అడిగింది.

"ఈయన ఎవలు బిడ్డా?"

"ఎవరమ్మా?"

"గిదో, నా పక్కన కూసున్నడు కదా."

అద్దంలో చూశాను. వెనక అమ్మ ఉంది. వంకాయల సంచి ఉంది. అంతే. అమ్మ మాత్రం కాళ్లు ముడుచుకుని ఒక పక్కకు ఒదిగింది, ఇంకొకరికి చోటు ఇచ్చినట్టు.

ఇంటికి వచ్చి మొహం కడుక్కున్నాక ఆ మాటే మరిచిపోయింది. వారమంతా బాగానే ఉంది. మళ్లీ ఆదివారం కారెక్కి అరగంట కాగానే అతను వచ్చేశాడు. ఈసారి ఇంకా వివరంగా చెప్పింది. ఖాకీ చొక్కా, సన్నటి మనిషి, తల దించుకుని కూర్చున్నాడు. చేతి మీద చిన్న చిన్న కాలిన మచ్చలు ఉన్నాయి, అన్నంలో నువ్వులు చల్లినట్టు.

"అద్దం దించమంటున్నడు బిడ్డా."

"వాన కొడుతోందమ్మా, తడుస్తావు."

"నాకు గాదు, ఆయన అంటున్నడు. జర దించు."

అద్దంలోకి చూడడం మానేసి రోడ్డునే చూస్తూ నడిపాను. ఆ సాయంత్రం నాకూ తలనొప్పితో తల పగిలిపోయింది. భయం వల్ల అనుకున్నాను.

డాక్టరుకు చూపిస్తే వయసు మీద పడినప్పుడు ఇలా ఉంటుందన్నాడు. మా పక్కింటామె ఒప్పుకోలేదు. "రాయి తాకిన జాగల ఎవలో పోయి ఉంటరు. మీ బండి ఎక్కిండు" అని తేల్చేసింది. ఆమె చెప్పినట్టే నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాను. వాడిపోతే మార్చాను కూడా. నిమ్మకాయలు మార్చడానికి తీరిక దొరికింది. పైపు చూపించడానికి దొరకలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడో ఆదివారం అసలు వెళ్లకూడదనుకున్నాను. అమ్మ వినలేదు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆకాశం నల్లబడి కుండపోతగా మొదలైంది. అమ్మ వెనక మీట నొక్కుతూ అద్దం దించబోయింది. నా పక్కనున్న మీటతో వెనక అద్దాలు దిగకుండా బిగించేశాను. నా అద్దం మాత్రం ఆవిరి పట్టకుండా వేలెడు సందు వదిలాను. వెనక అమ్మ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. "వస్తలేదయ్యా... నేనేం జెయ్యాలె... నా బిడ్డ ఇనది" అంటోంది. తర్వాత మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే తల వాల్చి పడుకుంది. బుగ్గలు ఎర్రగా, పెళ్లికూతురికి కుంకుమ అద్దినట్టు ఉన్నాయి. పోనీలే, నిద్రపోయింది అనుకున్నాను.

అప్పుడే వానలో, రోడ్డు మధ్యలో, రెండు చేతులూ పైకెత్తి ఒక మనిషి నిలబడి కనిపించింది. చీర మీద మగవాళ్ల చొక్కా. నేను బ్రేకు తొక్కితే కారు ఆమెకు మూరెడు దూరంలో ఆగింది. ఆమె కదల్లేదు.

"ఇంజను బంద్ చెయ్యి! తలుపులన్ని తెరువు!"

నేను తెరిచేలోపే ఆమె వెనక తలుపు లాగింది. అమ్మ చంకల కింద చేతులు వేసి, బస్తాను దించినట్టు దించి, పక్కనే ఉన్న రేకుల షెడ్డు కిందికి ఈడ్చుకుపోయింది. అమ్మను గాలికి ఎదురుగా పడుకోబెట్టి బుగ్గల మీద కొట్టింది. అమ్మ కళ్లు తెరవలేదు. ఊపిరి మాత్రం ఉంది.

"నిద్రపోయిందనుకున్న" అన్నాను, ఏడుస్తూ.

"నిద్ర గాదు చెల్లె. పొగ. ఈ బండ్ల వద్దు, ఆటోల తీస్కపో. పొగ పీల్చిందని డాక్టరుకు చెప్పు, మరువకు" అంది. ఆటోను కూడా తనే ఆపింది.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. రెండు గంటలకు అమ్మ నన్ను గుర్తుపట్టి మంచినీళ్లు అడిగింది. బండి పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఒకటి ఉంటుందనీ, అది తలకెక్కితే లేనివి కనిపిస్తాయనీ, ఇంకాసేపు అందులోనే ఉంటే లేచేది కాదనీ డాక్టరు చెప్పాడు.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి కారు, బండి కిందికి దిగి పని చేసే గుంత మీద ఉంది. ఆమె నన్ను కిందికి దింపి చూపించింది. రాయి తగిలిన చోట పైపు వేలు దూరేంత చీలింది. డిక్కీ కింద రబ్బరు బిరడా ఊడిపోయి రంధ్రం తెరుచుకుని ఉంది.

"పొగ ఈడికెళ్లి లోపలికి పోయింది. నీ పక్క అద్దం జరంత సందు పెట్టినవ్ గదా? అది ఎనకకెళ్లి పొగను గుంజింది. నీకు తలనొప్పి, ముసలామెకు పానం మీదికి."

"నిన్న ఎలా తెలిసింది అక్కా?"

"సప్పుడు ఇన్న. పైపు పలిగిన సప్పుడది. ఇంత వానల అద్దాలన్ని మూసి ఉంటయి. ఇంకేం సూడాలె?"

చీలిన ముక్క కోసి కొత్త ముక్క అతికించింది. వెల్డింగ్ వెలుగు చూడకుండా నన్ను అటు తిరిగి నిలబడమంది. తర్వాత ఇంజను నడుస్తుండగా పొగ గొట్టం చివర తడిగుడ్డ కుక్కి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూసి, బుడగ లేస్తుందేమోనని చూసింది. ఒక్క బుడగా లేవలేదు. అయినా బండి ఇవ్వలేదు. అద్దాలన్నీ మూసి, ఇంజను ఆపకుండా, ఒక్కతే వెనక సీటులో కూర్చుంది. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. టీ కొట్టామె నా పక్కకు వచ్చి, "ఏ బండికైనా గిట్లనే చేస్తది. మస్తు మంది వద్దన్నరు" అంది. చాలాసేపటికి ఆమె తలుపు తీసుకుని దిగింది.

"ఎవరితో మాట్లాడారు అక్కా?"

"ఎవలన్న ఉంటే దిగిపొమ్మని చెప్పిన" అంది. నవ్వలేదు.

వారం తర్వాత అమ్మను తీసుకుని వెళ్లాను. అమ్మ ఆమె చేతులు పట్టుకుని, నా గురించి ఫిర్యాదు మొదలుపెట్టింది. "గాయన అద్దం దించమని మొత్తుకుంటే నా బిడ్డ ఇనలే" అంది. ఎవరాయన అని అక్క అడిగింది. అమ్మ ఖాకీ చొక్కా గురించి, తల దించుకున్న తీరు గురించి, మచ్చల గురించి చెప్పింది.

అక్క చేతిలోని సుత్తిని మెల్లగా కింద పెట్టింది.

"ఏ చెయ్యి మీద అమ్మా?"

"ఎడమ చెయ్యి."

అక్క అటు తిరిగి, పైపు మీద బిగించి ఉన్న ఇనప పట్టాను మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. మేం వెళ్లొస్తామని చెబితే తల ఊపింది గానీ మా వైపు తిరగలేదు.

ఆమె భర్త సంగతి తర్వాతెప్పుడో, తనంతట తనే చెప్పింది. ఆ షెడ్డు ఆయనదే. ఊళ్లో బండ్లన్నీ బాగుచేసేవాడు, తన వ్యాను పైపు పగిలితే రేపు చూద్దామని నెలంతా తిప్పాడు. వెనక ఎవరో కూర్చుంటున్నారని ఆయనా అన్నాడట. ఆమె నమ్మి తాయెత్తు కట్టించింది. ఒక వాన రోజు రోడ్డు పక్కన వ్యాను ఆపుకుని, ఇంజను నడుస్తుండగా, స్టీరింగు ముందు కూర్చునే పోయాడు. "ముఖం ఎంత మంచిగుండెనో చెల్లె. ఎర్రగ. లేస్తడేమో అని సాయంత్రం దాక సూసిన" అంది. ఆ తర్వాతే వెల్డింగ్ నేర్చుకుంది. ఎడమ చేతి గురించి ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. వెల్డింగ్ చేసే ఎవరికైనా అలాంటి మచ్చలు ఉంటాయి, ఆమె చేతి మీదా ఉన్నాయి. మా అమ్మకు కనిపించింది విషవాయువు పుట్టించిన మనిషే కావచ్చు. డాక్టరు మాట నేను కాదనను. కానీ పొగ పుట్టించిన మనిషి అద్దం దించమని ఎందుకు అడుగుతాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగేదాన్ని. అక్క చక్కెర లేని టీ తాగేది. ఏ బండి వస్తున్నా మాట ఆపి తల కొంచెం వంచి వినేది, అది దాటాకే మళ్లీ మాట. పొద్దున షెడ్డు తెరవకముందు రోడ్డు వెంట నడిచి, లారీల వాళ్లు వదిలేసిన రాళ్లను కాలితో పక్కకు దొర్లించేది. "పెట్టినోడు తియ్యకపోతే ఎవలో ఒకలు తియ్యాలె గదా" అనేది. మోత పెడుతూ వచ్చిన బండిని చూసి భయపడేవాళ్లకు, "సప్పుడు జేస్తే భయం లేదు, అది చెప్తనే ఉన్నది. సప్పుడు లేనిదాన్ని సూడాలె" అని చెప్పేది.

పోయిన ఏడాది నుంచి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. ఎన్ని బండ్ల వెనక సీట్లలో అలా కళ్లు మూసుకుని కూర్చుందో లెక్క లేదు. చివరిసారి దవాఖానలో చూసినప్పుడు ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. మా అమ్మకు పెట్టినటువంటిదే. "అమ్మ మంచిగున్నదా?" అంది. బాగుందన్నాను. తర్వాత చాలా నెమ్మదిగా, "ఆయన కోపంగ ఉండెనా, అడుగు అమ్మను" అంది.

ఇంటికి వెళ్లి అడిగాను. అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆలోచించింది. "కోపం గాదు బిడ్డా. పరేషాన్‌గ ఉండె" అంది. మర్నాడు ఆ మాట అక్క చెవిలో చెప్పాను. ఆమె కళ్ల చివరలు తడిశాయి. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అంత్యక్రియలైన మూడో రోజు పొద్దున ఆ దారిన వెళ్తూ ఆగాను. షెడ్డు షట్టర్ దించి ఉంది. సంగతి తెలియనివాళ్లు తెచ్చి వదిలి వెళ్లినట్టున్నారు, షట్టర్‌కు ఆనించి నాలుగు పగిలిన సైలెన్సర్లు నిలబెట్టి ఉన్నాయి. ఇంతలో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. నడిపే మనిషి విరిగిన గొట్టం పట్టుకుని దిగాడు.

"అక్క లేదా?"

"పోయింది అన్నా. మూడు రోజులైంది."

అతను షట్టర్ వైపు చూశాడు, చేతిలోని గొట్టం వైపు చూశాడు. దాన్ని తిరిగి తీసుకుపోవడానికి మనసొప్పలేదేమో, తక్కిన వాటి పక్కన జాగ్రత్తగా నిలబెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ట్రాక్టరు మోత దూరమయ్యాక రోడ్డు మీద ఏ బండీ లేదు. చేల వైపు నుంచి గాలి లేచింది. ఆ గొట్టాల నోళ్లలోంచి దూరి పోతుంటే అయిదూ కలిసి సన్నగా, ఒకే స్వరంతో పలికాయి. గాలి ఆగాక కూడా కాసేపు ఆ స్వరం వినిపించింది.