సముద్రం లేని దేశంతో ఒప్పందం

ఎనభైల మొదట్లో భిలాయిలో నేను బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. దేశాలు సుంకం తగ్గించి సరుకు రానివ్వడానికి ఎవరిని, ఎందుకు ఎంచుకుంటాయన్న పాఠం మాలో ఎవరికీ ఎక్కలేదు. ఒక శనివారం అర్థశాస్త్రం మేడం పుస్తకాలు మూసేయమని, ఒక్కొక్కరికి ఒక్కో ఊహా దేశం రాసిన చీటీ ఇచ్చారు. ఒక్కో దేశం ఒక్క దేశంతోనే ఒప్పందం చేసుకోవాలి. ఆ దేశపు సరుకు మీదే సుంకం తగ్గుతుంది.

నాకు ఉక్కు దేశం వచ్చింది. పెద్ద రేవు కూడా ఉంది. మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్ కావడంతో క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం గర్వంగానే అనిపించింది.

చరోదా రైల్వే కాలనీ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి నేరుగా నా దగ్గరికి వచ్చింది. వాళ్ళదీ మాలాగే శ్రీకాకుళం వైపు. వాళ్ళ నాన్న రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆమె దేశంలో తేయాకు పండుతుంది, సముద్రం లేదు.

"మా దేశంలో రైలు పట్టాల్లేవు. మీ ఉక్కు మేం కొంటాం. మా టీ మీద సుంకం తగ్గిస్తావేటి?"

"రేవు కూడా లేని దేశంతో నాకేటి లాభం?" అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని ఆమె మొహం చిన్నబోయింది.

మా వీధి స్నేహితురాలితో నేను అప్పటికే ఒప్పందం రాసేసుకున్నాను. ప్లాంటువాళ్ళుండే సెక్టారులో పక్కపక్క క్వార్టర్లలో పెరిగినవాళ్ళం. ఆమె చీటీలో ఏముందో చూడనైనా లేదు.

ఆమెనే ఎందుకు ఎంచుకున్నావని మేడం అడిగారు.

"అప్నీ హై, మేడం," అన్నాను, మన పిల్లే కదా అన్నట్టు.

ఆవిడ నవ్వలేదు. "దేశాలూ చాలాసార్లు అంతే. పొరుగువాళ్ళని, భాష కలిసినవాళ్ళని, పాత స్నేహితుల్ని ఎంచుకుంటాయి. అది తప్పు కాదు. మరి మీరిద్దరూ ఒకరికొకరు ఏం అమ్ముకుంటారు?" అని హిందీలో అడిగారు.

అప్పుడు చూశాను. నా స్నేహితురాలిదీ ఉక్కు దేశమే.

కావాలంటే మార్చుకోమని మేడం మరో పది నిమిషాలిచ్చారు. చరోదా అమ్మాయిని ఇంకెవరూ అడగలేదు. ఒక్కతే కూర్చుని ఉంది. సిగ్గుపడుతూనే వెళ్ళాను.

"ఇందాక రేవు లేదన్నావు గదా. ఇప్పుడొచ్చిందేటి?" అంది.

"తప్పయిపోయింది. మీ టీ మీద సుంకం తీసేస్తాను."

"అదొక్కటీ చాలదు. దారి దొరక్క వ్యాగన్లు ఎన్నేసి రోజులు నిలబడిపోతాయో మా నాన్న చెప్తుంటాడు. నా టీ నీ దేశం మీదుగా నీ రేవుకెళ్ళాలి. దారిస్తావా?"

"ఇస్తాను," అన్నాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

నా స్నేహితురాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "ఆ టీ దేశం పిల్లని నాకూ పరిచయం చెయ్యవే," అంది.

పరీక్షల ముందు ముగ్గురం చరోదాలో వాళ్ళ క్వార్టర్లో కూర్చుని చదువుకున్నాం. వాళ్ళమ్మ మాకు ఉప్మా పెడుతూ, "సెక్టారు పిల్లలు మా ఇంటికి రావడం ఇదే మొదలమ్మా," అంది. ఆవిడ సంతోషంగానే అంది. మా పవర్ హౌస్ స్టేషన్లో రైలెక్కితే ఎంతోసేపు పట్టని దూరం అది. రెండేళ్ళుగా ఆ అమ్మాయి నాతో ఒకే గదిలో చదువుతోంది. నేను తలవంచుకుని తిన్నాను.