ఆ ప్యాంటులో నా చేతి కుట్టు

దయ్యాలూ భూతాలూ అంటూ మొదలుపెట్టేవాళ్ళను నేను నా దుకాణంలో కూర్చోనివ్వను. కాకమ్మ కథలకు నా దగ్గర తీరిక లేదు. సౌదీలో, రియాద్‌లోని మలాజ్ పేటలో పదహారేళ్ళుగా దర్జీని. అరబ్బులు తొడుక్కునే తెల్లటి పొడుగు తోబ్‌లు కుడతాను. కొలతకు దొరకనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని నమ్మమని కూడా ఎవరినీ బతిమాలను.

వీలు దొరికినప్పుడల్లా దుకాణం మూసి లింగన్న వెంట తిరుగుతాను. ఆయన ప్లంబరు, ఆర్మూరు దగ్గరి ఊరు. ఇక్కడ చనిపోయిన మనవాళ్ళ శవాలను ఇళ్ళకు పంపే పని నెత్తినేసుకున్నాడు. నాకు అరబీ వచ్చు కాబట్టి ఆఫీసుల్లో మాట్లాడటం నా వంతు. అక్కడ నా సూది పనికి చోటుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన చలికాలం హాయిల్ పట్నంలోని ఒక ఆసుపత్రి నుంచి సువార్త అనే నర్సు ఫోన్ చేసింది. భీమవరం వైపు అమ్మాయి. అంతకు రెండు నెలల ముందు పొలాల అవతల ఎడారిలో ఒక శవం దొరికిందట. ఎండకు బాగా పాడైపోయింది. ముఖం గుర్తుపట్టేలా లేదు, వేలిముద్రలు రాలేదు, జేబుల్లో ఏమీ లేదు.

"అందరూ పాకిస్తానీ అంటున్నారండీ. నాకెందుకో మనవాడే అనిపిస్తుంది అన్నయ్యగారూ. ఈ వారం దాటితే పేరు లేకుండానే పాతిపెట్టేస్తారు," అంది.

అలా పాతిపెడితే ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళకు ఎప్పటికీ కబురు అందదు. లింగన్నా నేనూ ఏడు గంటలు కారులో వెళ్ళాం. నేను హాయిల్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

శవాన్ని చూసి మేం చెప్పగలిగిందేమీ లేదు. బట్టలు చూపించమన్నాను. పోలీసుల సీలున్న సంచిని మార్చురీ ఉద్యోగి మా ముందే విప్పాడు. ఆ కంపుకు లింగన్న బయటికి పోయాడు. నేను గ్లౌజులు తొడుక్కుని ప్యాంటు తిరగేశాను. గుడ్డ చేతికొస్తే కుట్టు తడమడం నాకు అలవాటు. నడుము పట్టీ కింద ఒకచోట మందంగా తగిలింది. దొంగజేబు. గల్ఫుకు వచ్చేటప్పుడు డబ్బూ కాగితాలూ దాచుకోవడానికి మావైపువాళ్ళు కుట్టించుకుంటారు. పైకి తెలియదు కాబట్టి పోలీసుల కంటా పడలేదు.

కుట్టు విప్పుదామని బ్లేడు పెట్టబోయి ఆగిపోయాను.

నాది ఎడమచేతి వాటం. గుడ్డ అంచు మడిచి చేత్తో వేసే తుర్పాయి కుట్టు అందరిదీ ఒకవైపు వాలితే నాది రెండోవైపు వాలుతుంది. చివర ముడి వేయను. మూడు కుట్లు వెనక్కి వచ్చి దారాన్ని మడతలోకి తోసేస్తాను. ఆ పాడు అలవాటుకు మా గురువు నన్ను తిట్టని రోజు లేదు. నేనది ఎవరికీ నేర్పలేదు. ఆ జేబు కుట్లు అటే వాలి ఉన్నాయి. చివర ముడి లేదు, మూడు కుట్లు వెనక్కి వచ్చాయి. జేబు గుడ్డ నేను రోజూ కత్తిరించే తోబ్ గుడ్డ. నా చేతి పని నాకు తెలియదా? అయినా బ్లేడుతో విప్పాను.

లోపల ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం ఉంది. తెలుగులో నర్సయ్య అని పేరు, కింద ఒక ఫోన్ నంబరు.

నేనే ఫోన్ చేశాను. ఎత్తింది అతని భార్య లక్ష్మి. మెట్‌పల్లి దగ్గర పల్లె. విషయం చెప్పాను. ఏడవలేదు.

"ఊర్లందరు పారిపోయిండన్నరు అన్నా. ఎవతెనో ఉంచుకున్నడన్నరు. నేను గూడ నమ్మిన. సచ్చిపోవాలె అని రోజు తిట్టుకున్న."

నేను ప్యాంటు సంగతి అడిగాను. అది తనే కొనిచ్చిన రెడీమేడ్ ప్యాంటట. దొంగజేబు లేనే లేదట. నర్సయ్య విమానం దిగి నేరుగా హాయిల్ పొలాల్లో పనికి చేరాడు. కనబడకుండా పోయిన రోజు పొద్దున కూడా అక్కడి నుంచే వీడియోలో మాట్లాడాడు. రియాద్ ముఖం చూడలేదు. నేనా, ప్యాంట్ల పని ముట్టుకుని ఎన్నో ఏళ్ళయింది. ఆ కంగారులో ఆ జేబు అచ్చం నా కుట్టేనని ఆమెతో నోరుజారాను.

"నీ అసొంటి పుర్రచెయ్యి దర్జీ ఇంకొకడు ఉండడా?" అని లింగన్న తీసిపారేశాడు. ఉండొచ్చు. కానీ ఆ మూడు కుట్లు, ఆ గుడ్డ కూడా వాడివేనా?

శవం ఊరికి చేరి దహనం అయ్యాక లక్ష్మి మళ్ళీ ఫోన్ చేసింది.

"జేబు కుట్టేటప్పుడు ఆయన మీ కాడ కూసున్నడు గదా అన్నా. నా గురించి ఏమన్న అన్నడా?"

ఆ మనిషిని బతికుండగా నేను చూసిన గుర్తే లేదు.

"అన్నడు చెల్లె. నువ్వు యాదికొస్తున్నవ్, ఇంటికి పోవాలె అన్నడు," అన్నాను. అప్పుడు ఏడ్చింది, నాకు వినబడేలా మొదటిసారి.

అబద్ధమాడానని ఆ రోజు లింగన్నతో చెప్పుకున్నాను. కానీ ఆ కుట్టు నిజంగా నా చెయ్యే వేసి ఉంటే, అది అబద్ధమని కూడా నేను గట్టిగా చెప్పలేను.