స్వర్ణ పోస్టర్లు, మా ఆయన భయాలు

మా ఆయన జీవానందం అంత పిరికి మనిషిని మదనపల్లెలో నేను ఇంకొకరిని చూడలేదు. ఉరిమితే భయం, కుక్క మొరిగితే భయం, బస్సులో కండక్టరు చిల్లర అడిగితే భయం. ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరుగారు "ఏం జీవానందం, పోయిన వారం కనబడలే?" అంటే చాలు, ఆ వారమంతా అన్నం సరిగ్గా తినేవాడు కాదు. మిషన్ ఆసుపత్రిలో పిండికట్లు వేసే గదిలో ఆయన అటెండరు. విరిగిన కాలు సరిచేసేటప్పుడు రోగి అరిస్తే, రోగికంటే ముందు ఈయన కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను అదే ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయాను. నా గొంతు వింటే పిల్లలు ఏడుపు ఆపుతారని పేరు. తల్లులు కూడా ఆపుతారు, అబద్ధమెందుకు చెప్పాలి.

అలాంటి మనిషికి ఒక్క పనిలో మాత్రం ఎక్కడలేని తెగువ వచ్చేది. గోడల మీది పోస్టర్లు ఊడదీయడంలో. సినిమా పోస్టర్లు కాదు, పాటకచేరి పోస్టర్లు. ఆ రోజుల్లో జాతర వచ్చిందంటే ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. వారం ముందే పచ్చ కాగితం మీదో గులాబీ కాగితం మీదో అచ్చేసి ఊరి గోడలన్నీ నింపేవాళ్లు. ఈయన మోజంతా ఒక్క గాయని మీదే. పేరు తంబళ్ళపల్లె స్వర్ణ. తొంభై ఒకటిలో పుంగనూరు జాతరలో మొదటిసారి విన్నాడట. ఆ పోస్టర్లో ఆమె పేరు బియ్యపుగింజంత అక్షరాల్లో, అందరికంటే కింద ఉండేది. రెండేళ్లకి పేరు పైకెక్కింది. ఇంకో రెండేళ్లకి తపాలా బిళ్లంత ఫోటో వచ్చింది. తర్వాత ఫోటో అరచేయంత అయింది. సొంత బిడ్డ ఎత్తు గోడమీద గీతలు పెట్టి చూసుకున్నట్టు ఈయన ఆ అక్షరాల ఎత్తు చూసుకుని మురిసిపోయేవాడు.

ఊడదీసే పద్ధతి ఆయనదే. గ్లూకోజు సీసాలో గోరువెచ్చని నీళ్లు, కాస్త దూది, సూది తీసేసిన సిరంజి, పిండికట్టు సర్దే పలచటి రేకు. కాగితం అంచు లేపి, సిరంజితో వెనక్కి నీళ్లు చిమ్మి, మైదా జిగురు నానేదాకా కాచుకుని, రేకు తోసి మెల్లగా లాగేవాడు. కొత్త చర్మం మీది కట్టు విప్పినంత జాగ్రత్త. చిరుగు లేకుండా వచ్చిందా, ఆ రోజు మనిషి ముఖం వెలిగిపోయేది. ఆరబెట్టి, పాత ఎక్స్‌రే ఫిల్ముల మధ్య పెట్టి, మంచం కింద దాచేవాడు. పాస్టరుగారికి తెలిస్తే సినిమా పాటల పిచ్చి అంటారని అదొక భయం.

నాకు ఆ మంచం కింద చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి కోపంతో అందులో ఒకటి లాగి ఊరగాయ జాడీకి మూతగా కట్టేశాను. ఆయన చూశాడు. చూసి, ఆ ఊరగాయే వేసుకుని అన్నం తిన్నాడు.

తొంభై తొమ్మిది వేసవిలో కుప్పం జాతరకి బయల్దేరాడు. అక్కడ టీ కొట్టు వెంకటరమణప్ప అనే ఇంకో పిచ్చాయన ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసింది లేదు, ఉత్తరాలే. నీ దగ్గర రెండున్నవి నాకివ్వు, నా దగ్గర రెండున్నవి నీకిస్తాను అని బేరం. అందుకని ఈయన ఎనిమిదేళ్ల కట్టనంతా చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు. "నేనూ వస్తాను" అన్నాను. ఎందుకు దాచాలి, ఆ స్వర్ణ ఎవతో ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. ఆయన ముఖం తెల్లబోయింది. కాదనే ధైర్యం యాడిది ఆయనకి!

పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు టీ తాగుతూ ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాం. నెలన్నర కిందట పుంగనూరు జాతరలో పాడుతూ పాడుతూ స్వర్ణ గొంతు ఉన్నట్టుండి పోయి, ఈమధ్యే తిరిగొచ్చిందట. అదే రోజు గోడమీద ఆమె పోస్టర్లో ముఖం ఎవరో గీకేసి ఉండటం చూశారట. "గిట్టనోళ్లు చేతబడి చేయించినారప్పా. ముఖం చిరిగితే గొంతు నిలుస్తాదా?" అన్నాడొకడు. "కుప్పం పిలకాయలు ఈసారి కాపలా కాస్తాండారంట. దొరికితే పళ్లు పీకుతామని చెప్పుకుంటాండారు," అన్నాడు ఇంకొకడు. నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

కుప్పంలో బస్సు దిగి బజారు వైపు నడుస్తుంటే కనబడింది, ఒక గోడౌన్ గోడమీద. తెలుగు, తమిళం, కన్నడం, మూడు భాషల్లోనూ ఒక్క స్వర్ణ పేరే. ఇంకెవరి పేరూ లేదు. ఫోటో నిలువెత్తు. ఆయన ఉన్నచోటనే నిలబడిపోయాడు.

"సూడు దయా, ఎంత పెద్దగా ఏసినారో," అన్నాడు.

"చూశాలే, నడు."

ఆయన ఆకాశం వైపు చూశాడు. నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. కచేరీ అయ్యేదాకా గోడమీది కాగితం ముట్టకూడదని ఆయనకొక నియమం ఉండేది. ఇన్నేళ్లలో తప్పలేదు. కానీ వాన పడితే ఆ పోస్టరు గుజ్జయిపోతుంది. "ఒక్క ఐదు నిమిషాలు," అని సంచీ దింపి సిరంజి తీశాడు. పుంగనూరులో విన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఆయన భయం మీద మోజు గెలిచిందంటే నా ఎరుకలో అదొక్కసారే. నేనన్నా ఆపాల్సింది. ఉక్కకి విసిగిపోయి, తొందరగా కానీ అని గొణుక్కుంటూ పక్కన నిలబడ్డాను.

సగం ఊడింది. అప్పుడు వెనకనుంచి ఒక అరుపు.

"దొరికినాడురా!"

ఎక్కడినుంచి వచ్చారో, పదిహేను ఇరవై మంది కుర్రాళ్లు మమ్మల్ని గోడకి అదిమినట్టు నిలబడ్డారు. ముందున్నవాడు తలకి ఎర్రటి టవలు కట్టాడు. వాణ్ని వినోద్ అని పిలుస్తున్నారు. వాడు మా ఆయన చొక్కా పట్టుకుని ఊపాడు.

"ఏల చింపుతాండావురా? ఎవుడు పంపినాడు నిన్ను?"

"చింపలేదప్పా, నేను... నేను ఆయమ్మ అభిమానిని," అన్నాడు మా ఆయన.

"అభిమానివా? సంచిలో ఏముండాదో సూడండిరా."

సంచీ బోర్లించారు. దూది, సిరంజి, రేకు, నీళ్ల సీసా కిందపడ్డాయి. కాగితాల చుట్ట విప్పారు. ఒకటి తీస్తే స్వర్ణ, ఇంకొకటి తీస్తే స్వర్ణ.

"అన్నీ ఆయమ్మ మొకాలే. సూదిమందు గొట్టం కూడా ఉండాది. ఈడే, పుంగనూరులో చేసిందీ ఈడే!"

"పళ్లు పీకండిరా. పళ్లు లేకుంటే మంత్రం పలకదు."

చేతబడి చేశారని పళ్లు రాలగొట్టిన వాళ్లని నేను ఆసుపత్రిలో చూశాను. దవడ వాచి, నోరు మూయలేక, నెత్తురు ఉమ్ముకుంటూ వస్తారు. ఒకడు పక్కనున్న సైకిల్ షాపులోకి పరుగెత్తి పట్టకారు తెచ్చాడు. దాన్ని చూసి మా ఆయన వెనక్కి ఒక్క అడుగు జరిగాడు. వెనక గోడే ఉంది.

"బాబూ, నాయనా, మేం మిషన్ ఆసుపత్రి వాళ్లం, కట్లు కట్టేవాళ్లం," అని మొత్తుకున్నాను. వార్డంతా వణికించే నా గొంతు ఆ రోజు పిల్లి కూతైపోయింది. ఎవడూ వినలేదు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ కిందపడ్డ పోస్టర్లలో ఒకటి అందుకున్నాను. ఇది ఉత్త కాగితం, ఇందులో మంత్రమూ లేదు తంత్రమూ లేదు అని చూపిస్తే వదులుతారనుకున్నాను.

"ఇదిగో చూడండి, ఉత్త కాగితమప్పా ఇది!" అని పర్రున చింపాను. స్వర్ణ ముఖం నడిమికి రెండయింది. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

అంతకంటే బుద్ధితక్కువ పని లోకంలో ఎవరూ చేసి ఉండరు. వాళ్ల కళ్ల ముందే ఆ ముఖం చింపాను. గుంపు గుంపంతా నా మీదికి వచ్చింది. నా జుట్టు ఎవడి చేతికో చిక్కింది. అప్పుడు మా ఆయన, బల్లికి భయపడే మనిషి, మధ్యలో దూరి నాకు అడ్డంగా నిలబడ్డాడు. దెబ్బ ఆయన మూతి మీద పడింది. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"ఆమెకేం తెలీదప్పా," అన్నాడు. "నన్ను పీకండి. ఆమెను ఇడ్చిపెట్టండి."

పట్టకారు పట్టుకున్నవాడు ఆయన గడ్డం పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఉండరా," అంది వినోద్ గొంతు. "ఈ కాయితం ఎనకాల ఏందో రాసుండాది."

"మంత్రమే అయ్యుంటాది, సదవొద్దు అన్నా!"

వాడు చదివాడు. నేను చింపిన రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, గట్టిగా, కూడబలుక్కుంటూ చదివాడు.

"తొంభై ఎనిమిది, పుంగనూరు. స్వర్ణ ఆరు పాటలు. నేను విన్నది రెండు. ఆలస్యమైతే దయ తలుపు తీయదని వచ్చేసినా."

వాడు ఇంకొకటి తీశాడు.

"తొంభై అయిదు, కురబలకోట. ఒక్క పాట. దయ పొద్దున కోపంగా ఉండె. మళ్లీ రేగుతుందని లేచినా."

ఇంకొకటి.

"తొంభై ఆరు, నిమ్మనపల్లె. పోలేదు. దయను అడగాలంటే భయమేసింది. బాగా పాడిందంట. పోస్టరు మాత్రం తెచ్చుకున్నా."

తిరగేసిన ప్రతిదానిమీదా అదే సన్నటి చేతిరాత. రోగుల పేర్లు రాసే చేతిరాత. సగానికి పైగా చివర ఒకే మాట: పోలేదు, పోస్టరు మాత్రం తెచ్చుకున్నా. ఎనిమిదేళ్లలో ఒక్క కచేరీ కూడా ఆయన చివరిదాకా వినలేదు. మా ఆయన పద్ధతైన మనిషి, యాడికి పోయినా తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాడని నేను ఆసుపత్రంతా గొప్పలు చెప్పుకుని తిరిగాను.

"దయ ఎవురు?" అన్నాడు వినోద్.

మా ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. ముందు ఒకడు నవ్వాడు. తర్వాత ఇద్దరు. ఆఖరికి పట్టకారు పట్టుకున్నవాడు కూడా ఆయన గడ్డం వదిలేసి కిసుక్కుమన్నాడు.

"పెద్దాయనా, చేతబడి నువ్వు కాదు, ఈయమ్మ చేసుండాది నీకు!" అన్నాడు వినోద్. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వే ఆయన పళ్లు కాపాడింది. నా ఒంటిమీద ఆ నవ్వు వాతలు పెట్టినట్టు తగిలింది.

కుర్రాళ్లే కాగితాలన్నీ ఏరి, చుట్టచుట్టి, సంచీలో పెట్టి ఇచ్చారు. ఒకడు సోడా తెచ్చి ఆయన నోరు కడిగించాడు. "తప్పయిపోయింది పెద్దాయనా. ఆయమ్మ పాట కోసరం మా పానం కొట్టుకుంటాది, అందుకే తొందరపడినాము," అన్నాడు వినోద్. "రేత్రికి ముందు వరసలో కూర్చోబెడతాను. వెళ్లిపోవద్దండి." అట్లా అని వాళ్లు పోయారు. గోడమీద సగం ఊడిన పోస్టరు గాలికి కొట్టుకుంటోంది.

కొంగు తడిపి ఆయన పెదవి తుడిచాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషితో మెత్తగా మాట్లాడిన జ్ఞాపకం వెతికితే దొరకలేదు. అయినా గొంతు తగ్గించుకుని, పిల్లలకి మందు పోసేటప్పుడు కూడా నేను వాడని గొంతుతో అన్నాను.

"ఉందామయ్యా. ఈరోజు ఆఖరు పాట దాకా విందాం. నాకేం తొందర లేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చూస్తూనే ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"కోపమొచ్చిందా దయా?" అన్నాడు.