ఆ రోజు నా ఫోను మోగింది

నా పేరు రాయను. ఈ మాట నా గుండెల మీద సన్నికల్లులా కూర్చుని ఏళ్ళయింది. పక్కకి దొర్లించడానికి చోటు దొరకలేదు. మా ఇంట్లో చెప్పలేను. గుళ్ళో చెప్పుకుందామంటే దేవుడు ఊరుకుంటాడు, ఏమీ అనడు. ఈ పత్రిక చదివే మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. రెండో తప్పు సర్దుకోమని అడగను.

మాది కడియం పక్కన. మా అబ్బాయికి మొక్కల నర్సరీ ఉంది. నా దగ్గర నొక్కుడు బటన్ల చిన్న ఫోను ఒకటుంది. అది నీళ్ళ తొట్టిలో పడింది. కుండీల కింద నలిగింది. ఒకసారి చెత్తతో పాటు ఊడ్చేస్తే ఎరువు గుట్టలో దొరికింది, తుడిచి నొక్కితే వెలిగింది. వారానికోసారి ఛార్జింగ్ పెడితే చాలు. ఆ సన్న పిన్ను గుచ్చే బెజ్జం నా కళ్ళకి ఆనదు, అందుకని ఆ పని మా కోడలు సుజాతది. మా అబ్బాయి టచ్ ఫోను కొంటానని ఇప్పటికీ అంటాడు. వద్దంటాను. ముసలిదాని పిసినారితనం అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. సంగతి అది కాదు.

నాకొక చెల్లెలుండేది. వరం అని పిలిచేదాన్ని. భర్త పోయాక కొవ్వూరులో ఒక్కతే ఉండేది. కొడుకు కాకినాడలో షిఫ్టుల ఉద్యోగం, పనిలో ఉన్నంతసేపూ ఫోను బయటే పెట్టాలి. ఫోను మాటలకి డబ్బులు పోయే రోజుల్లో మా అక్కచెల్లెళ్ళకి నేనొక పద్ధతి పెట్టాను. పొద్దున్నే అది ఒక్క మోత మోగించి కట్ చేయాలి. లేచాను, బాగున్నాను అని. నేనూ తిరిగి ఒక్క మోత ఇస్తాను. ఎవరూ ఎత్తకూడదు. పూర్తిగా మోగిందంటే మాత్రం అవసరం ఉన్నట్టు.

తరవాత మాటలకి వేరే డబ్బులు పోవడం మానేశాయి. వరానికి కొడుకు టచ్ ఫోను కొనిచ్చాడు. ఇంకా ఈ మిస్డ్ కాల్సు ఏంటక్కా అని అది నవ్వేది. ఊరికే వచ్చిందని ఒలకబోసుకుంటామా అని కసిరాను. పద్ధతి మార్చనివ్వలేదు. అదీ వింది. చిన్నప్పటి నుంచీ నా మాట వినేది. ఆ తరవాత ఒక్కసారి కూడా ఊసుపోక పూర్తిగా మోగించలేదు. ఇది గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోయినట్టు నటించింది ఇదే.

ఆ ఎండాకాలం చుట్టాలింట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర నా చేతిలో ఫోను చూసి ఎవరో ఏదో అన్నారు. వరం అందుకుంది. "మనం ఎత్తేలోపే మా అక్క కట్ చేసేస్తదండి, మాట అరిగిపోద్దని! ఆ ఫోనుతో గోడకి మేకులు కొట్టుకోవచ్చు. మా అక్క గుండెతో కూడా కొట్టుకోవచ్చండి!" పంక్తి పంక్తంతా నవ్వింది. సుజాత తల దించుకుని నవ్వాపుకోవడం కూడా చూశాను. విస్తరి మడిచి లేచిపోయాను.

మర్నాడు పొద్దున్న ఒక్క మోత మోగింది. నేను తిరిగి ఇవ్వలేదు. ఆ మర్నాడూ అంతే. రోజూ అది మోగించేది. నేను ఫోను వంక చూస్తూ కూర్చునేదాన్ని. అది ఒక రకంగా నాకు బాగానే ఉండేది. ఎందుకు బాగుండేదో ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను.

ఒక మధ్యాహ్నం మేడ మీద మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. చేతుల నిండా ఉప్పు. నడుముకి దోపిన గుడ్డసంచిలో ఫోను మోగింది. ఆగలేదు. మోగి మోగి దానంతటది ఊరుకుంది. మళ్ళీ మోగింది. తీసి చూశాను. చిన్న తెర మీద వరం అని ఉంది. చేతులు తుడుచుకునే తీశాను. ఎత్తడానికి అడ్డమేమీ లేదు. కాళ్ళబేరానికి వచ్చింది, ఇంకాస్త దిగిరానీ అనుకున్నాను. ఎర్ర బటన్ గట్టిగా నొక్కిపట్టాను. తెర నల్లబడింది. పూర్తిగా మోగితే దానర్థమేంటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ పద్ధతి పెట్టినదాన్ని నేనే కదా. తెలిసీ, ముక్కలు తిరగేసుకుంటూ కూర్చున్నాను.

ఆ పూట మా అబ్బాయి మొక్కల లోడుతో కొవ్వూరులోనే ఉన్నాడు. పొద్దున్న నాకు చెప్పే వెళ్ళాడు.

సాయంత్రం పక్కింటావిడ తలుపు తోసి చూసిందట. గుండెపోటన్నారు. ఫోను చేతిలోనే ఉందట. ఆ కొత్త ఫోనులో దానికి వచ్చిందల్లా బొమ్మ మీద వేలు పెట్టడమే. ఉన్నవి రెండు బొమ్మలు, ఒకటి కొడుకుది, ఒకటి నాది. కొడుకు పనిలో ఉన్నాడు. నేను మేడ మీద ఉన్నాను.

ఎత్తి ఉంటే బతికేదా? తెలియదు. ఒక్కతే పోయేది కాదు. అది తెలుసు.

వరం వాళ్ళ వరండాలో, శవం పక్కన, దాని కొడుకు ఆ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాడి మొహంలో కోపం లేదు. అదే నన్ను చంపింది.

"పెద్దమ్మా, అమ్మ నీకు రెండుసార్లు చేసింది. ఎత్తలేదేంటి?"

"మోగలేదురా. ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది."

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. వెతుక్కోనక్కర్లేకపోయింది.

మా అబ్బాయి భార్య వైపు తిరిగాడు. "ఆ ఒక్క పనీ నీదే కదా సుజాతా? దాన్నీ గాలికొదిలేశావా?"

"లేదండీ, మొన్నే పెట్టాను." నా వంక చూసింది. నేను కళ్ళు దించుకోలేదు. గట్టిదాన్ని కదా. ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. "పెట్టాననే అనుకున్నానండి."

పెట్టాను అన్న మనిషి, పెట్టాననే అనుకున్నాను అంది. తను చేసిన పని మీద తనకే నమ్మకం లేకుండా పోవడం నా కళ్ళెదురుగా జరిగింది. అడ్డం పడడానికి ఒక్క మాట చాలు. చుట్టాలందరూ ఉన్నారన్నాను మనసులో. ఇంటికెళ్ళాక చెబుదామన్నాను. పన్నెండో రోజు అయ్యాక అన్నాను. గృహప్రవేశంలో సుజాత నవ్వింది కదా, పడనీ అని కూడా ఒక మూల అనుకున్నాను. ఇది రాయకూడదనే అనుకున్నాను. రాసేశాను.

ఆ తరవాత మా అబ్బాయి ఆ ఊసెత్తలేదు. మగవాళ్ళు మరిచిపోతారు. సుజాత మరవలేదు. వారానికోసారి పెట్టాల్సిన ఛార్జింగ్ రోజూ పెడుతుంది. ఊరెళితే పక్కింటివాళ్ళకి అప్పగించి వెళుతుంది. ఏటా వరం తద్దినానికి కొవ్వూరు వెళ్ళి, చెప్పకుండానే నడుం బిగించి వంటంతా చేస్తుంది. ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడితే ఎవరితోనో అంటోంది, "చిన్నత్తయ్యగారి విషయంలో నావల్ల పొరపాటు జరిగిందండి" అని. వెనక్కి తిరిగి వచ్చేశాను. పప్పులో ఉప్పెక్కువైందని ఆ రోజు ఆమెనే కసిరాను కూడా. ఎందుకు కసిరాను? పప్పు బాగానే ఉంది.

ఇప్పుడు తెలిసిందా, టచ్ ఫోను ఎందుకొద్దంటానో. కొత్తది వస్తే ఇది పాడైపోయిన ఫోనుల్లో కలిసిపోతుంది. ఇది పాడవలేదు. ఒక్కనాడూ ఆగలేదు. నా బతుకులో నన్ను ఒక్కసారీ మోసం చేయని వస్తువు మీద అబద్ధం వేశాను. దాన్ని పారేయనివ్వకుండా ఉంచుకోవడం తప్ప దానికి నేను చేసే న్యాయం ఇంకేముంది? కానీ ఫోనుకి న్యాయం చేసి మనిషిని వదిలేశాను చూడండి.

ఇందాక ఇది రాస్తుంటే సుజాత వచ్చింది. "అత్తయ్యగారండీ, ఫోను ఇలా ఇవ్వండి, ఛార్జింగ్ పెడతాను."

"అక్కర్లేదు. నిన్న పెట్టావు. నిండుగా ఉంది." ఇన్నేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదలు.

ఆగి నా మొహంలోకి చూసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. రాలేదు. కాగితం మీద వచ్చినంత సుళువుగా నోట్లోకి రాలేదు.

"ఎందుకైనా మంచిదండి" అని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని వెళ్ళింది.

ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది. నాకంటే ముందు సుజాతే చదువుతుంది. తన పేరు దగ్గరే పోల్చుకుంటుంది, మాగాయ ముక్కల దగ్గరికి రాగానే తెలిసిపోతుంది. ఆ తరవాత నాతో మాట్లాడకపోతే అది ఆమె ఇష్టం. నేను అడగను.

అమ్మా సుజాతా, నువ్వు ఛార్జింగ్ పెట్టావు. నిండా ఉంది. మోగింది. ఆపింది నేను.