నష్టానికి అమ్మడం నేర్చుకున్నాను

"గొడుగు అట్టుకెల్లు, మబ్బేసింది."

"నాకెందుకే? నువ్వే ఏసుకో. వంటింట్లో కారేది నీ నెత్తి మీదే గదా!"

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివే. తన మాటకి తనే నవ్వుకుంటూ, క్యారేజీ పట్టుకుని కంచరపాలెం రైలు పట్టాలు దాటి పోర్టుకి వెళ్లిపోయాడు. ఓడల్లోంచి గోతాలు దించే పని ఆయనది. మధ్యాహ్నం అన్నం తిని గోతాల మీద నడుం వాల్చాడట, మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ రోజు వాన కూడా పడలేదు. ఏడుపు సంగతి రాయకు తల్లీ, అది అందరూ ఏడ్చేదే.

దినాలయ్యాక మా అన్నయ్య, అదే మీ తాత, పెట్టె సర్దమన్నాడు. "ఒక్కదానివి ఇక్కడేటి సేత్తావు? ఊరెల్లిపోదారి రా" అన్నాడు. వెళ్తే కూడూ గుడ్డా దొరుకుతాయి, కాదనను. మా వదిన మంచిదే. కానీ తన వంటింట్లో తను చెప్పిన కూర వండుతూ బతకాలి. ఒక్క గదైనా, కారినా, కంచరపాలెంలో నా పొయ్యి నాది. నాకు పిల్లలు లేరు. ఆ పొయ్యి కూడా పోతే నాకంటూ ఏముంటుంది?

"కోతలయ్యేదాకా టైమియ్యి అన్నియ్యా" అన్నాను. "అప్పటికి నా కూడు నాను సంపాదించుకోకపోతే నోరెత్తకుండా వచ్చీత్తాను." సరేనన్నాడు. మూడు నెలల్లో ఎలాగూ వస్తానని ఆయన ధీమా.

మా వరసలో చివరింట్లో చేపల బేరం చేసే ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. అప్పా అనేదాన్ని. ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరగదు. తెల్లారగట్ల రేవులో వేలం పాట పాడి చేపలు కొంటుంది. ఎండ ముదిరేలోగా అక్కడే, ఆలస్యంగా వచ్చే సైకిళ్లవాళ్లకి పోగులు పెట్టి అమ్మేస్తుంది. వాళ్లు గోపాలపట్నం దాకా తొక్కుకుపోయి వీధుల్లో అమ్ముకుంటారు. పొద్దున్న కొనడం, పది కొట్టేలోగా అమ్మడం, అంతే. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి ఎక్కడెక్కడి జనమో దిగుతున్న రోజులు కాబట్టి చేపలు తినే నోళ్లకి కొదవ లేదు.

"నాకూ నేర్పప్పా" అన్నాను.

"రైతు గుంటవి, నీకు సేప తలేదో తోకేదో తెలుసునేటి?" అంది. అని, మర్నాడే తీసుకెళ్లింది.

మొదటి వారం డబ్బు తేవద్దంది. "ఉత్త సేతుల్తో రా. పాట మనసులో పాడు, మనసులోనే అమ్ము. ఇంటికెల్లినప్పుడు లెక్క సెప్పు." నేను రోజూ సిమెంటు గట్టు మీద నిలబడి మనసులో కొనేదాన్ని, మనసులో అమ్మేదాన్ని. దారిలో ఆవిడ అడిగేది, "ఇయ్యాల ఎంత మిగిలిందే?" నేను చెప్పేదాన్ని. ఆ వారంలో మనసులో నేను డాబా వేసేశాను, అద్దెకి కూడా ఇచ్చేశాను.

"ఉత్తుత్తి బేరంలో నష్టపోయినోల్లు ఎవులూ లేరు" అని ఆవిడ కిసుక్కున నవ్వింది.

తర్వాత నా చెవి దుద్దులు పూర్ణా మార్కెట్ దగ్గర కంసాలికి అమ్మి నిజం డబ్బుతో దిగాను. మొదటి పాటలో నా గొంతే లేవలేదు. పాట పాడించేవాడు "ఎవులమ్మా ఆ సీమంత గొంతు? అరవండి!" అన్నాడు. అరిచాను. ఇప్పుడు నా గొంతు ఇలా గరగరలాడుతోందంటే ఆ అరుపుల వల్లే.

ఆ బేరంలో చూడాల్సింది చేపని కాదు, కొండని. డాల్ఫిన్ కొండ మలుపు తిరిగి బోట్లు రేవులోకి వస్తాయి. మొదటి బోటు చేప బంగారం. వెనక రెండో మూడో వస్తే ధర దిగుతుంది. బోట్లు తక్కువైతే ఎక్కుతుంది. నేను మెడ నొప్పి పుట్టేలా కొండ వైపు చూస్తూ కొనేదాన్ని. మూడు వారాలు బాగానే గడిచింది. రోజూ నాలుగైదు రూపాయలు మిగిలేవి. నాకు కొమ్ములొచ్చాయి.

ఒకరోజు మొదటి బోటులో కానాగంత చేపలు వచ్చాయి. బుట్ట నలభై చొప్పున రెండు బుట్టలు పాడేశాను. అప్ప ఒకటే పాడింది. మేం ఇంకా పోగులు పెట్టనేలేదు, కొండ మలుపులో ఒకటి కాదు, రెండు కాదు, అయిదు బోట్లు. అన్నిటి నిండా కానాగంతలే! నలభై బుట్ట ముప్పై అయింది, పాతికయింది. అప్ప పాతికకి ఒక సైకిలువాడికి ఇచ్చేసి, బుట్ట కడిగి, బోర్లించి, దాని మీద కూర్చుని చుట్ట వెలిగించింది. ఆ రేవులో బుట్ట బోర్లించిందంటే ఆ మనిషికి ఆ రోజు బేరం అయిపోయినట్టే. లాభమా నష్టమా అని ఎవరూ అడగరు.

"ఇచ్చీయే" అంది నన్ను.

"నలభైకి కొని పాతిక్కి ఇత్తానేటి? పిచ్చిదాన్నా?"

మా నాన్న కళ్లంలో ధాన్యం ధర పడితే అమ్మేవాడు కాదు. గాదెలో పోసి, గడ్డి కప్పి, ధర లేచేదాకా చూసేవాడు. అది చూస్తూ పెరిగినదాన్ని. ఐసు కొట్టించి, చేపల మీద చల్లి, తడి గోనె కప్పి, రెండు బుట్టలూ రిక్షాలో ఇంటికి తెచ్చేశాను. రేపు బోట్లు రావు, నాదే రాజ్యం అనుకున్నాను.

మర్నాడు నిజంగానే బోట్లు తక్కువ వచ్చాయి. గోనె తీశాను. సైకిలువాడు ఒక చేప తీసి మొప్ప ఎత్తి చూశాడు.

"ఓలమ్మో, ఇది నిన్న సచ్చిందా, మొన్న సచ్చిందా?"

"ఐసులో ఎట్టినాను బాబూ!"

"ఐసులో ఎడితే బతికీదేటి?"

రేవంతా నవ్వింది. అయిదు రూపాయలకైనా తీసుకోమన్నాను. ముట్టుకోలేదు. రెండు బుట్టలూ ఒడ్డున పారబోశాను. గద్దలకి పెళ్లి భోజనం. నా ఎడమ చెవి దుద్దు మొత్తం వాటి కడుపులోకే పోయింది.

అప్ప తిట్టలేదు. "నీ సేను బుద్ధి ఇంటికాడ ఎట్టిరా. గింజ ఆగుద్ది, సేప ఆగదు" అంది. ఆ రోజు నుంచి కొత్త నియమం పెట్టింది. పాట పాడకముందే, ధర ఎంతకి దిగితే వదిలేస్తానో పైకి చెప్పాలి. నేను చెప్పేదాన్ని. పక్కవాళ్లు వెక్కిరించేవారు, "ఇదేటే, కొనకముందే ఏడుపు?" అని. మిగిలిన దుద్దు డబ్బుతో ఒక్కో బుట్టే కొన్నాను. కొన్ని రోజులు లాభం, కొన్ని రోజులు నష్టం. నష్టం చిన్నది, లాభం దానికంటే కాస్త పెద్దది. ఆ కాస్తతోనే ఇంటద్దె, బియ్యం, ఉల్లిపాయలు.

కోతలయ్యాయి. మా అన్నయ్య చెప్పకుండా తెల్లారగట్ల బస్సుకి దిగి, ఇంట్లో లేనని తెలిసి నేరుగా రేవుకొచ్చాడు. భుజం మీద కొత్త బియ్యం మూట, ముక్కుకి తువ్వాలు అడ్డం. సరిగ్గా అప్పుడే నేను "నలభైకి దిగితే వదిలీత్తాను" అని ముందే పైకి చెప్పి, ఒక బుట్ట సందువ చేపలు యాభైకి పాడి ఉన్నాను. కొండ మలుపులో మూడు బోట్లు కనిపించాయి. మూడు నెలలు నెట్టుకొచ్చి ఈ ఒక్క రోజు ఆయన కళ్ల ముందు ఓడాలా? లాభం వచ్చే రోజు రాకూడదా ఈ మనిషి?

ధర నలభై అయిదు, నలభై. సైకిలువాడు నిలబడ్డాడు.

"అమ్మకే!" అన్నాడు అన్నయ్య. "మద్దేనానికి పెరగదేటి? కప్పి ఉంచు."

ఒక్క క్షణం నా చెయ్యి గోనె మీదికి పోయింది. నిజం చెబుతున్నాను, పోయింది. తర్వాత బుట్ట సైకిలువాడి వైపు తోశాను.

"పది రూపాయలు పోయినాయి! సూత్తా సూత్తా పారబోసినావ్. ఇదేనేటి నీ సంపాదన? పెట్టె సర్దు."

"కుసేపు ఆగు అన్నియ్యా" అన్నాను.

మూడు బోట్లూ గట్టుకి కట్టాయి. సందువలు ముప్పై అయ్యాయి, పాతికయ్యాయి. దాచుకున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. అన్నయ్య ముక్కు మీంచి తువ్వాలు తీసి అటూ ఇటూ చూశాడు.

"పాతిక్కొచ్చినాదే."

"మరి."

"నీకెలా తెలుసు?"

"తెల్దు. తెల్దు గనకే అమ్మినాను."

ఆయన మూట మళ్లీ భుజానికెత్తుకున్నాడు. ఇంటికొచ్చి నా పొయ్యి మీద నేను వండిన చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పెట్టె సంగతి ఎత్తలేదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ బియ్యం గూడా నష్టానికి అమ్మీయకే. తిను!" అన్నాడు.

రాయడం ఆపు తల్లీ. మీ తాత మాటలు నేను పెంచి చెప్పానో తగ్గించి చెప్పానో వినాలి, ఆయన లేడు కదా తిట్టడానికి. ఏదీ, మొదట్నుంచి నెమ్మదిగా చదివి వినిపించు.