పది లక్షలు తగ్గించిన బిడ్డ

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నేను ధర కట్టలేని వస్తువంటూ ఉండేది కాదు. జగిత్యాలలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కొత్తగా చేరాను. చేతిలో లావుపాటి పుస్తకం, మెడలో ఐడీ కార్డు (ఆఫీసులో ఉన్నదే నలుగురం, కార్డు నేనే పట్టుబట్టి చేయించుకున్నాను), రోజూ గొల్లపల్లి నుంచి బస్సు. బస్సులో ఎదురు సీటాయన చేతి గడియారం ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందా అని లెక్క వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి మా అమ్మమ్మ ముక్కుపుడకకు విలువ కట్టి చెబితే, ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను చెప్పిన ధర తక్కువైందేమో అనుకున్నాను తప్ప, బుద్ధి తెచ్చుకోలేదు.

అలాంటి నాకు మా పెద్దసారు ఒక పెద్ద పని అప్పగించారు. కోరుట్లలో ఇళ్లు కట్టి అమ్మే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. యజమానిని అందరూ దుబాయ్ మేస్త్రి అనేవారు. దుబాయ్‌లో ఇరవై ఏళ్లు గోడలు కట్టి తిరిగొచ్చి, దాచుకున్న సొమ్ముతో, బ్యాంకు ఇచ్చిన కోటి రూపాయల అప్పుతో పన్నెండు ఇళ్లు మొదలుపెట్టాడు. ఏడు పూర్తయ్యాయి. ఐదు స్లాబు దగ్గర ఆగిపోయాయి. ఆ ఐదింటికీ గల్ఫ్‌లో కష్టపడేవాళ్లు అడ్వాన్సులు ఇచ్చి ఉన్నారు. కరీంనగర్ నుంచి ఒకాయన భాగస్వామిగా డబ్బు పెడతానన్నాడు గానీ, కంపెనీ ఆస్తులకూ అప్పుకూ ఈనాటి న్యాయమైన విలువ కట్టించి చూపించాలన్నాడు. ఆ కాగితం నచ్చితే ఐదు ఇళ్లూ లేస్తాయి, లేకపోతే అక్కడే ఎండకు ఎండుతాయి.

"కొన్న ధర కాదమ్మా మనకు కావల్సింది" అన్నారు పెద్దసారు. "ఇష్టంగ అమ్మేటోడు, ఇష్టంగ కొనేటోడు, ఎవ్వలికి తొందర లేకుండ మాట్లాడుకుంటే ఏ ధరకు తెగుతదో గది రాయాలె. ముందుగాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి, ఈ నడుమ అమ్ముడువోయిన ఇండ్ల కాగితాలు చూడు."

నేను చూడలేదు. పాత కాగితాలతో పనేముంది? పుస్తకంలో 'మార్కెట్లో పాల్గొనేవారు' అని స్పష్టంగా రాసి ఉంటే, నేరుగా ఆ పాల్గొనేవాళ్లనే అడిగితే సరిపోతుంది కదా అని నా తెలివి. కోరుట్లలో బస్సు దిగి తిన్నగా మేస్త్రి ఇళ్ల దగ్గరికి వెళ్లాను. ఎదురింటి అరుగు మీద ఒక పెద్దావిడ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అత్తా, గీ ఎదురుంగున్న ఇల్లు ఇప్పుడు అమ్మితే ఎంతకు పోతది?" అన్నాను.

బీడీల అత్త చెయ్యి ఆగిపోయింది. "అమ్ముతుండ్రా?"

"అమ్ముతలేరు. అమ్మితే అని."

"అమ్మనప్పుడు ధరతోని నీకేం పని బిడ్డా?" అని నా మెడలో కార్డు వంక చూసి, గొంతు తగ్గించింది. "బ్యాంకు నుంచి అచ్చినవా?"

నన్ను బ్యాంకు అధికారి అనుకున్నందుకు నాకు ఎంత సంబరం వేసిందంటే, అవుననలేదు, కాదనలేదు, ఊరికే నవ్వాను. (ఆ నవ్వే కొంప ముంచింది.) ఆవిడ భయంభయంగా ఏదో ఒక ధర చెప్పింది. తర్వాత కిరాణా కొట్టులో, పిండి గిర్నీ దగ్గర, ఇంకో ఆరు ఇళ్లలో ఇదే ప్రశ్న అడిగాను, ఇదే నవ్వు నవ్వాను. చక్కగా తొమ్మిది ధరలు రాసుకుని, సైటు దగ్గరున్న రేకుల షెడ్డులో మేస్త్రి ముందు కూర్చున్నాను.

మేస్త్రి చాయ్ తెప్పించాడు. నేను అప్పు సంగతి ఎత్తాను. "ఇండ్లకే కాదు, అప్పుకు సుత విలువ కట్టాలె. బ్యాంకోళ్లు మీ అప్పును ఇంకొకలకు అమ్మితే ఎంతొస్తది? ఐదు ఇండ్లు ఆగినయి కదా, మీరు అప్పు కడతరో కట్టరో అని కొనేటోనికి అనుమానం ఉంటది. గందుకే కోటి రూపాయల అప్పు తొంభై లక్షలకే పోతది. తగ్గిన పది లక్షలు మీకు లాభం కింద రాస్తం." ఈ మాట నేను మిఠాయి పొట్లం అందించినట్టు చెప్పాను.

మేస్త్రి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంటే, నా మీద నమ్మకం తగ్గితే నాకు లాభమా?"

"పుస్తకం ప్రకారం అంతే."

"ఇంక జర బద్నాం అయితే?"

"ఇంక లాభం" అన్నాను నిజాయితీగా. (పుస్తకంలో ఈ ముక్క ఇప్పటికీ అలాగే ఉంది, నా తప్పేం లేదు.)

సరిగ్గా అప్పుడే ముగ్గురు ఆడవాళ్లు షెడ్డులోకి దూసుకొచ్చారు. ఆగిపోయిన ఇళ్లకు అడ్వాన్సులు ఇచ్చినవాళ్ల భార్యలు. ముగ్గురి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో వీడియో కాల్‌లో వాళ్ల మగవాళ్లు. ఒకాయన నెత్తిన హెల్మెట్‌తో పని మధ్యలోంచే మాట్లాడుతున్నాడు. "అన్నా, దివాలా తీసినవంట గదనే? బ్యాంకోళ్లు అచ్చి ఇండ్లకు ధర కడుతుండ్రంట! మా పైసలెట్ల?" అని ఒకావిడ ఏడుపు గొంతుతో అడిగింది. వెనకే బీడీల అత్త. నాకు సిమెంటు బస్తాల వెనక దాక్కోవాలనిపించింది.

మేస్త్రికి మాత్రం వాళ్లు వచ్చిన సంగతే తెలియలేదు. ఆయన ఇంకా ఆ పది లక్షల దగ్గరే ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. "నేను తెచ్చింది కోటి. కడతనని ఒప్పుకున్నది కోటి. తొంభై అని నువ్వెట్ల రాస్తవు? మిగిలిన పది నువ్వు కడతవా? దుబాయ్‌ల గంత ఎండల గోడలు కట్టిన, ఒక్క ఇటుక తక్కువ పెట్టలే. ఇజ్జత్ తీసి లాభం ఇస్తనంటవేంది? నాకద్దు. పూర రాయి బిడ్డా, పూర రాయి!"

ఫోన్లోంచి హెల్మెట్ ఆయన, "ఏమైందే? ఏమంటుండే?" అని అరుస్తున్నాడు. బీడీల అత్త ముందుకొచ్చి ఫోన్‌కు మొహం ఆనించి చెప్పింది. "ఏం లేదు కొడుకా. అప్పుల పది లక్షలు తగ్గిస్తనని గీ పిల్ల అంటే, మేస్త్రి అద్దని కొట్లాడుతుండు. పారిపోయేటోడు గిట్ల కొట్లాడుతడా? నువ్వు పని చేసుకో, పో."

ఒకటి తర్వాత ఒకటి మూడు ఫోన్లూ ఆగిపోయాయి. వెళ్తూ వెళ్తూ ఒకావిడ గుమ్మంలో ఆగి, "అన్నా, వంటింట్ల అర జర పెద్దగ పెట్టియ్యి" అని చెప్పి మరీ వెళ్లింది.

తిరుగు బస్సులో నేను ఎవరి గడియారానికీ ధర కట్టలేదు. జరిగిందంతా చెబితే పెద్దసారు ముందు కళ్లు పెద్దవి చేశారు, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "ఆయన కట్టడని నువ్వెందుకు అనుకున్నవమ్మా? ఒక్క కిస్తీ అన్న తప్పిండా?" అని అడిగారు. అప్పుడు తీశాను కిస్తీల కాగితం. ఒక్కటీ తప్పలేదు. తొమ్మిది గడపలు తిరిగిన నేను, నా ఫైల్లోనే ఉన్న ఆ ఒక్క కాగితం తిప్పి చూడలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి పని మొదటి నుంచి చేశాను. అప్పు విలువలో తేడా చాలా కొంచెమే మిగిలింది. ఆ కొంచెం ఉన్న పేజీ మీద మేస్త్రి కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. భాగస్వామి వచ్చాడు, ఐదు ఇళ్లూ లేచాయి.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది. పోయిన నెల ఇల్లు కట్టుకోవడానికి నేనే బ్యాంకు అప్పుకు వెళితే, జామీను సంతకానికి మనిషి కావాలన్నారు. సంకోచిస్తూనే ఫోన్ చేశాను. నెరిసిన జుట్టుతో మేస్త్రి కోరుట్ల నుంచి పొద్దున్నే వచ్చేశాడు. ఈవిడ మీకెలా తెలుసని మేనేజరు అడిగితే, "నా ఇజ్జత్‌ల పది లక్షలు తగ్గించిన బిడ్డ సార్" అని గర్వంగా చెప్పి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటూ, "పూర కట్టు బిడ్డా" అన్నాడు.

నిన్న సొరుగు సర్దుతుంటే ఆ పాత ఐడీ కార్డు దొరికింది. ఫోటోలో ఆ పిల్ల, బీడీల అత్తకు జవాబు చెప్పకుండా నవ్విన ఆ నవ్వే నవ్వుతోంది. దాన్ని మందలిద్దామని చేతిలోకి తీసుకున్నాను, కానీ నాకూ నవ్వొచ్చింది. తుడిచి, నా ఇంటి అప్పుకు కట్టిన మొదటి కిస్తీ రసీదు పక్కన పెట్టాను.